ఆటోమేటిక్ చోక్: మూత విప్పే ముందు చూడాల్సినవి

పాత కారు పొద్దున్నే స్టార్ట్ కానని మొండికేస్తే బెంగళూరు షెడ్లలో సాధారణంగా జరిగే తంతు ఒకటుంది. బానెట్ ఎత్తగానే, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ పక్కన ఆటోమేటిక్ చోక్‌కు చెందిన గుండ్రటి మూత ఒకటి కనిపిస్తుంది. దాని మూడు స్క్రూలు వదులు చేసి మూతను అటో ఇటో తిప్పుతారు. బండి అందుకుంటే చోక్ బాగుపడ్డట్టు, అందుకోకపోతే ఇంకాస్త తిప్పాల్సినట్టు. ఇలా నాలుగైదుసార్లు అయ్యాక ఆ మూత కంపెనీ పెట్టిన గుర్తు నుంచి ఎంత దూరం జరిగిందో ఎవరికీ తెలియదు. అసలు లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. చివరికి "మన ఊరి ఎండకు చోక్ ఎందుకు సార్" అంటూ గాలి దారిని మూసే చోక్ రేకును కట్టుతీగతో తెరిచి కట్టేస్తారు. కలాసిపాళ్య నుంచి జేసీ రోడ్డు దాకా ఈ సలహా తెలుగు, కన్నడ, తమిళం, ఉర్దూ నాలుగింటిలోనూ వినవచ్చు.

దీనికి మెకానిక్‌లను తప్పుపట్టి లాభం లేదు. మన దగ్గర రెండు మూడు తరాలకు కార్బురేటర్ పని నేర్పినవి ముఖ్యంగా అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని. వాటిలో చోక్ అంటే డాష్‌బోర్డు మీద ఒక నాబ్, దాని వెనక ఒక కేబుల్, అంతే. డ్రైవరు లాగితే మూసుకుంటుంది, లోపలికి తోస్తే తెరుచుకుంటుంది. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగిసి కొత్త కార్లు కార్బురేటర్ వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. ఆ తర్వాత పనిలోకి వచ్చిన కుర్రవాళ్ల చేతికి స్కానర్ వచ్చింది. తనంతట తానే మూసుకుని తెరుచుకునే చోక్ వీళ్లకూ తెలియదు, వాళ్లకూ పెద్దగా తెలియదు. అది ఎక్కువగా ఉన్నది బయటి దేశాల నుంచి వచ్చిన కార్లలో: 1961 మోడల్ తర్వాతి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, 1960ల షెవ్రొలే ఇంపాలా, 1970ల పెట్రోల్ మెర్సిడెస్ వంటివి. అలాంటి బండి షెడ్డుకు రావడమే అరుదు, వచ్చినా దాని పుస్తకం వెంట రాదు.

నిజానికి ఇందులో అర్థం కానిదేమీ లేదు. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. తేలికపాటి భాగమే ఆవిరవుతుంది, మిగిలింది తడిగా, ఇంజిన్‌లోకి వెళ్లే దారి అయిన మానిఫోల్డ్ గోడలకు అంటుకుంటుంది. అందుకే మొదటి నిమిషంలో గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచాలి. కార్బురేటర్ పైభాగంలో ఉండే చోక్ రేకు ఆ పని చేస్తుంది. దాన్ని నడిపేది మూత లోపల చుట్టగా ఉండే స్ప్రింగు. వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహాలను అతికించి చేసిన పట్టీ అది. ఇస్త్రీ పెట్టెలో వేడిని అదుపు చేసే పట్టీదీ ఇదే సూత్రం. చల్లగా ఉన్నప్పుడు స్ప్రింగు రేకును మూసే వైపు నెడుతుంది, వేడెక్కేకొద్దీ పట్టు సడలిస్తుంది.

అయితే చోక్ అంటే ఈ స్ప్రింగు ఒక్కటే అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. దానితో పాటు ఇంకో మూడు ఏర్పాట్లు పనిచేస్తాయి. ఇంజిన్ అందుకోగానే వాక్యూమ్‌తో రేకును కొద్దిగా తెరిచే పుల్ ఆఫ్ ఒకటి. చల్లగా ఉన్నంతసేపు ఐడ్లింగ్‌ను, అంటే పెడల్ తొక్కనప్పటి ఇంజిన్ వేగాన్ని, పెంచి ఉంచే మెట్ల క్యామ్ (అంచు మెట్లుగా ఉండే చిన్న ముక్క) ఇంకొకటి. పెట్రోలు ఎక్కువై ఇంజిన్‌ను ముంచెత్తినప్పుడు పెడల్ పూర్తిగా తొక్కితే రేకును బలవంతంగా తెరిచే లివరు మూడోది. మూతను తిప్పితే మారేది స్ప్రింగు బిగువు మాత్రమే. మిగతా మూడింటిలో ఏది చెడినా మూతను ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు.

కంపెనీలు ఈ స్ప్రింగును సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో రేకు మెల్లగా వచ్చి మూతపడేలా అమరుస్తాయి. ఈ ఒక్క అంకె గుర్తుంటే సగం గందరగోళం తీరిపోతుంది. బెంగళూరులో జనవరి తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు ఉంటుంది. అప్పుడు రేకు పూర్తిగా మూసుకోవాలి. అదే కారు మే నెలలో చెన్నైలో ఉంటే సూర్యోదయానికే 27, 28 డిగ్రీలు. అక్కడ రేకు కొంత తెరిచి ఉండడమే సరైన ప్రవర్తన. "చోక్ పూర్తిగా మూసుకోవడం లేదు" అని చెన్నైలో మూత బిగించేవాళ్లు బాగున్న చోక్‌ను చేజేతులా చెడగొడుతున్నారు.

బెంగళూరుకు ఇంకో సంగతి తోడవుతుంది. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, గాలి పీడనం సుమారు 10 శాతం తక్కువ. పెట్రోలును కొలిచి వదిలే జెట్లు మార్చకుండా చెన్నైలో ట్యూన్ చేసిన కారును చిత్తూరు, మొగిలి ఘాటు, పలమనేరు మీదుగా పైకి తెస్తే మిశ్రమంలో పెట్రోలు దాదాపు 5 శాతం ఎక్కువవుతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు అది పెద్దగా తెలియదు. చోక్ తెరుచుకోవడం కూడా ఆలస్యమైతే మాత్రం రెండూ కలిసి ప్లగ్గులను మసి చేస్తాయి. తిరుపతికి వెళ్లేటప్పుడు బాగున్న బండి తిరిగి వచ్చాక పొగ వదులుతోందని అనేవాళ్లు చోక్ దాకా వెళ్లేముందు ఈ ఎత్తు లెక్క వేసుకోవడం మంచిది.

పరీక్షకు ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉండాలి. కీ అసలు తిప్పకూడదు. ఎలక్ట్రిక్ చోక్ ఉన్న కారులో ఇగ్నిషన్ ఆన్ చేసిన క్షణం నుంచే స్ప్రింగు వేడెక్కడం మొదలవుతుంది. ఇంజిన్ తిప్పకుండా కీ ఆన్‌లో పెట్టి పాటలు వింటూ కూర్చునేవాళ్ల కార్లు స్టార్ట్ కావడానికి సతాయించేది ఇందుకే: ఇంజిన్ చల్లగానే ఉంటుంది, చోక్ మాత్రం తెరుచుకుని ఉంటుంది.

ఎయిర్ ఫిల్టర్ తీసి టార్చితో లోపలికి చూస్తే చాలాసార్లు రేకు తెరిచే కనిపిస్తుంది. ఇది లోపం కాదు. నిన్న వేడి ఇంజిన్‌ను ఆపినప్పుడు క్యామ్ ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది, ఐడ్లింగ్ స్క్రూ దానికి అడ్డుగా నిలిచింది. యాక్సిలరేటర్ పెడల్‌ను ఒకసారి పూర్తిగా తొక్కి వదలాలి. అప్పుడు క్యామ్‌కు అడ్డు తొలగి రేకు టక్కున మూతపడుతుంది. కార్ల పుస్తకాల్లో "స్టార్ట్ చేసే ముందు పెడల్ ఒకసారి తొక్కండి" అని రాసేది దీనికే. ఇంజెక్షన్ కార్లకు అలవాటుపడి పెడల్ ముట్టుకోకుండా కీ తిప్పేవాళ్ల చేతిలో ఈ చోక్ ఒక్కసారి కూడా పనిచేయదు. విప్పాల్సినది ఏమీ లేని లోపం ఇది. షెడ్డుకు వచ్చే ఫిర్యాదుల్లో ఇలాంటివి తక్కువేమీ కావు.

అదే చూపులో ఇంకో విషయం కూడా తేలిపోవాలి. రేకును వేలితో తెరిచి పట్టుకుని, పెడల్‌తో కదిలే థ్రాటిల్ లివరును చేత్తో లాగితే లోపల పెట్రోలు సన్నటి ధారగా చిమ్మాలి. చిమ్మకపోతే కార్బురేటర్‌లో పెట్రోలు నిల్వ ఉండే ఫ్లోట్ చాంబర్ ఎండిపోయి ఉండవచ్చు, లేదా యాక్సిలరేటర్ పంపు పాడై ఉండవచ్చు. చాంబర్ ఎండడానికే అవకాశం ఎక్కువ. ఆదివారం మాత్రమే బయటికి తీసే కార్లలో చాంబర్‌లోని పెట్రోలు వారం రోజుల్లో చాలావరకు ఆవిరైపోతుంది. మెకానికల్ పంపు ఉన్న బండిలో దాన్ని మళ్లీ నింపాలంటే సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సిందే. దీన్ని చోక్ లోపంగా లెక్కగట్టి మూత తిప్పితే చాంబర్ నిండాక కారు మరీ ఎక్కువ పెట్రోలుతో నడుస్తుంది. ఒక లోపం కాస్తా రెండవుతుంది. బంకుల్లో ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు కూడా ఇక్కడ కొంత లెక్కలోకి వస్తుంది. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే రెట్టింపుకు పైగా వేడి కావాలి, పైగా అదే జెట్టుతో మిశ్రమం కాస్త పలచబడుతుంది. చలికాలం పొద్దుట బండి మునుపటికంటే కొంచెం ఆలస్యంగా అందుకుంటే దానికి చోక్‌నే దోషిని చేయనక్కర్లేదు. పాత రబ్బరు డయాఫ్రంలు, గొట్టాలు ఈ పెట్రోలుకు తట్టుకోవడం లేదన్నది మాత్రం పట్టించుకోవాల్సిన సంగతే.

రేకు మూతపడి, పెట్రోలు చిమ్మి, ఇంజిన్ అందుకుని, నాలుగు క్షణాల్లో నల్ల పొగతో ఉక్కిరిబిక్కిరై ఆగిపోతే అది పుల్ ఆఫ్ పని. ఇంజిన్ అందుకోగానే వాక్యూమ్ పుల్ ఆఫ్‌లోని రబ్బరు పొర అయిన డయాఫ్రంను లాగి రేకు అంచు దగ్గర చిన్న సందు తెరవాలి. చాలా కార్లలో ఆ సందు 3 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. సరైన మందం డ్రిల్ బిట్‌ను సందులో దూర్చి కొలవడం పాత పద్ధతి, ఇప్పటికీ అంతకంటే సులువైనది లేదు. డయాఫ్రం పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. గొట్టం ఊడదీసి, కడ్డీని లోపలికి నొక్కి, గొట్టం తగిలే రంధ్రాన్ని వేలితో మూసి కడ్డీని వదలాలి. నొక్కినచోటే నిలిస్తే బాగున్నట్టు, మెల్లగా బయటికి వచ్చేస్తే చిరిగినట్టు. కొన్ని కార్బురేటర్లలో డయాఫ్రం బదులు చిన్న పిస్టన్ ఉంటుంది. అది మసి పట్టి బిగుసుకుపోతుంది, కడిగితే సరిపోతుంది.

ఇక మన ఊళ్లలో ఎక్కువగా నష్టం చేసేది దీనికి వ్యతిరేకమైన జబ్బు: రేకు తెరుచుకోకపోవడం. చలిదేశాల్లో చోక్ మూసుకోకపోతే కారు కదలదు, కాబట్టి అక్కడి సలహాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఇక్కడ మూసుకోకపోయినా నాలుగుసార్లు పెడల్ తొక్కి నెట్టుకురావచ్చు. తెరుచుకోకపోతే మాత్రం పెట్రోలు వాసన, మైలేజీ పడిపోవడం, ప్లగ్గుల మీద పొడి మసి వరుసగా వస్తాయి. సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను పెట్రోలు కడిగేసి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి దిగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలుస్తుంది. రేకు తెరుచుకోవాలంటే స్ప్రింగుకు వేడి అందాలి. ఆ వేడి ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న అడగకుండా మూత విప్పడం దండగ.

బీటిల్‌లో వేడి కరెంటు నుంచి వస్తుంది. ఇగ్నిషన్ కాయిల్ దగ్గర 15 అని గుర్తున్న టెర్మినల్ నుంచి ఒక వైరు చోక్ మూతకు వస్తుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి టెస్ట్ ల్యాంప్ పెడితే వెలగాలి. వెలిగినా మూత రెండు మూడు నిమిషాల్లో వేడెక్కకపోతే లోపలి తీగ తెగినట్టే. ఇక్కడ వోల్టేజీ సంగతి జాగ్రత్తగా చూడాలి. 1960ల మధ్య దాకా వచ్చిన బీటిల్‌లలో ఎక్కువ భాగం 6 వోల్టుల బండ్లు. చాలావాటిని తర్వాత 12కు మార్చారు, చోక్‌ను మాత్రం మరిచిపోయారు. 6 వోల్టుల చోక్‌కు 12 ఇస్తే నాలుగు రెట్ల వేడితో కాలిపోతుంది. 12 వోల్టులదాన్ని 6తో నడిపితే అందేది పావు వంతు వేడే, రేకు ఎంతకీ తెరుచుకోదు. చెన్నై పుదుపేట నుంచో బెంగళూరు శివాజీనగర్ నుంచో తెచ్చిన పాత సామాను బిగించే ముందు దాని మీది అంకె చదవడానికి అర నిమిషం చాలు.

అమెరికన్ కార్లకు తర్వాతి కాలంలో ఎలక్ట్రిక్ చోక్ తగిలించినప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది. బీటిల్‌లో చేసినట్టే కాయిల్ నుంచి వైరు లాగుతారు. ఆ కార్లలో చాలావాటికి కాయిల్ ముందు వోల్టేజీ తగ్గించే బలాస్ట్ రెసిస్టర్ ఉంటుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కాయిల్ దగ్గర ఏడెనిమిది వోల్టులే ఉంటాయి. 8 వోల్టులతో 12 వోల్టుల చోక్‌కు సగం వేడి కూడా అందదు, పైగా స్పార్క్ బలం కూడా తగ్గుతుంది. రెసిస్టర్‌కు ముందు, ఇగ్నిషన్‌తో ఆన్ అయ్యే చోటు నుంచి ఫ్యూజుతో వైరు తీయాలి. మూతకూ కార్బురేటర్ ఒంటికీ మధ్య ప్యాకింగ్ విషయం కూడా ఇలాంటిదే. ఎగ్జాస్ట్ దగ్గరి వేడి గాలితో పనిచేసే చోక్‌కు అది కావాలి, లేకపోతే గాలి లీకవుతుంది. ఒంటి నుంచే ఎర్త్ తీసుకునే ఎలక్ట్రిక్ మూతకు అదే ప్యాకింగ్ పెడితే ఎర్త్ తెగిపోతుంది. మంచి ఉద్దేశంతో కొత్త ప్యాకింగ్ వేసి చోక్‌ను చంపేసిన సందర్భాలు ఇలా పుడతాయి.

1960ల మొదటి ఇంపాలాల్లో వేడి గాలి ఎగ్జాస్ట్ దగ్గరి నుంచి సన్నటి గొట్టంలో వస్తుంది. గొట్టం తుప్పుపట్టి చిల్లు పడితే వేడి అందదు. పొగ దారిలోనే చిల్లు పడితే మూత లోపల నల్లటి మసి పేరుకుని కనిపిస్తుంది. అప్పుడు మార్చాల్సింది గొట్టాన్ని, స్ప్రింగును కాదు. తర్వాతి షెవ్రొలేల్లో స్ప్రింగు కార్బురేటర్ మీద కాకుండా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని గుంటలో కూర్చుంటుంది, అక్కడి నుంచి ఒక కడ్డీ పైకి వస్తుంది. వాటిలో తిప్పడానికి మూతే ఉండదు.

స్ట్రాంబర్గ్ కార్బురేటర్ ఉన్న 1970ల మెర్సిడెస్‌ల దారి వేరు. వాటిలో పైన చూడదగ్గ చోక్ రేకు ఉండదు. అదనపు పెట్రోలు పక్కనున్న వేరే ఏర్పాటు ద్వారా వస్తుంది. వేడికి కరెంటుతో పాటు రేడియేటర్ నీళ్లు కూడా కావాలి. ఇక్కడే మన షెడ్ల పాత అలవాటు ఒకటి అడ్డం తిరుగుతుంది: ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వదలని థర్మోస్టాట్ వాల్వ్‌ను ఎండ దేశంలో అక్కర్లేదంటూ పీకేయడం. అది లేకపోతే నీళ్లు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, చోక్ అంతసేపూ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉందని యజమాని సంతోషిస్తాడు, బంకు బిల్లు చూసి కార్బురేటర్‌ను తిడతాడు. నీళ్లు తగ్గినా, గొట్టంలో గాలి చిక్కినా ఫలితం ఇదే.

వేడి అందుతున్నా రేకు కదలకపోతే అంటుకుపోయిందన్నమాట. నెలల తరబడి నిలిపిన కార్లలో పెట్రోలు జిగురు ఇరుసుకు పట్టేస్తుంది. కార్బురేటర్ క్లీనర్ చల్లి రేకును అటూ ఇటూ ఆడిస్తే వదులుతుంది. ఆయిల్ మాత్రం వేయకూడదు. నాలుగు రోజుల్లో అది దుమ్ము పట్టి మొదటికంటే గట్టిగా బిగుస్తుంది. ఇందులో అనుభవజ్ఞులను కూడా బోల్తా కొట్టించే రకం ఒకటుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే రేకు చక్కగా కదులుతుంది, ఫిల్టర్ బిగించి రోడ్డెక్కితే మళ్లీ అదే జబ్బు. ఫిల్టర్ పైన చెవుల నట్టును ఎవరో బలమంతా పెట్టి బిగించడం వల్ల కార్బురేటర్ పైభాగం వంగి, నొక్కుడుకు రేకు అంచు గోడకు రాసుకుంటుంది. ఫిల్టర్ తీయగానే నొక్కుడు పోతుంది, లోపం మాయమవుతుంది. అనుమానం వస్తే ఫిల్టర్ బిగించి ఉండగానే బయటి లివరును కదిపి చూడాలి. నట్టును వేళ్లతో బిగిస్తే చాలు, పట్టకారు అక్కర్లేదు.

వేడి ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాకపోవడం వేరే కథ. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో గంటసేపు పాకి, ఇంటికి చేరి, పావుగంట తర్వాత బయలుదేరబోతే సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. ఎలక్ట్రిక్ చోక్‌కు ఇది పుట్టు లోపం: కరెంటు ఆగగానే మూత ఇంజిన్ కంటే త్వరగా చల్లారుతుంది, వేడి ఇంజిన్ మీద రేకు కొంత మూసుకుంటుంది. అయితే ఇంజిన్ వేడికి చాంబర్‌లోని పెట్రోలు మరిగి లోపలికి కారినా సరిగ్గా ఇలాగే ఉంటుంది. తేడా పట్టడానికి ఫిల్టర్ తీసి చూడడమే మార్గం. రేకు మూసుకుని ఉంటే చోక్. రేకు తెరిచి ఉండి లోపల ప్రధాన నాజిల్ నుంచి పెట్రోలు బొట్లు బొట్లుగా పడుతుంటే మరగడం, లేదా చాంబర్‌లో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్, నీడిల్ వాల్వ్‌ల లోపం. ఏదైనా సరే పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే రేకు తెరుచుకుని ఇంజిన్ అందుకోవాలి. పెడల్ కింద మందపాటి మ్యాట్ అడ్డుపడ్డా, కేబుల్ సాగినా థ్రాటిల్ చివరిదాకా తెరుచుకోదు, రేకును బలవంతంగా తెరిచే లివరు పనిచేయదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ముఖం కార్బురేటర్ మీదికి వంచకూడదని వేరే చెప్పాలా.

ఐడ్లింగ్ దిగడం లేదన్న ఫిర్యాదులో చాలావరకు లోపమే ఉండదు. ఇంజిన్ వేడెక్కినా పెడల్ ఒకసారి తట్టితే గానీ క్యామ్ కింది మెట్టుకు రాదు.

తీగతో కట్టేసే పద్ధతి గురించి కూడా నిజం చెప్పుకోవాలి. చెన్నైలో అది చాలావరకు నడుస్తుంది. అయితే రేకును తెరిచి కట్టినప్పుడు క్యామ్ కూడా కింది మెట్టులోనే ఉండిపోతుంది. దాంతో చల్లటి ఇంజిన్‌కు పెంచిన ఐడ్లింగ్ దొరకదు. మొదటి సిగ్నల్ దగ్గర ఆగిపోయేది ఇందుకే, పెట్రోలు చాలక మాత్రమే కాదు. ఆ లోటు తీర్చడానికి డ్రైవరు పదే పదే పెడల్ కొట్టి పచ్చి పెట్రోలును లోపలికి పంపిస్తాడు. చోక్ పాడైతే ఇంజిన్‌కు జరిగే నష్టమే చోక్ లేకుండానూ జరుగుతుంది. బెంగళూరు డిసెంబరులో అయితే ఆ పద్ధతి అసలు సాగదు. స్ప్రింగు దొరకని కారుకు చేతితో లాగే చోక్ కిట్టు తగిలించడం అంతకంటే గౌరవమైన దారి. క్యామ్ దానితో పాటు కదిలేలా అమర్చితే నష్టమేమీ లేదు.

ఇవన్నీ చూశాకే మూత వంతు వస్తుంది. వదులు చేసే ముందు మూత మీదా ఒంటి మీదా కలిపి ఒక గీత గీయాలి. లోపలి స్ప్రింగు కొక్కెం రేకు లివరులో పడిందో లేదో చూడాలి. కొక్కెం పక్కకు జారితే మూత ఎంత తిప్పినా రేకు కదలదు. మొదట కంపెనీ గుర్తుకు తేవాలి, బీటిల్‌లో అది ఒంటి మీది మూడు గుర్తుల్లో మధ్యది. ఆ తర్వాత ఒక్కో గీత మాత్రమే జరపాలి, ప్రతి మార్పు తర్వాత రాత్రంతా ఆగాలి. పూర్తిగా చల్లారిన ఇంజిన్ రోజుకు ఒక్కసారే దొరుకుతుంది. షెడ్డుకు నడుపుకుంటూ తెచ్చిన కారులో చోక్ అప్పటికే తెరుచుకుని ఉంటుంది. దాని మీద చేసే సర్దుబాటు ఊహే. బండిని రాత్రికి అక్కడే వదిలి, పొద్దున్నే దారికి అడ్డంగా ఉందని ఎవరూ దాన్ని స్టార్ట్ చేయకముందే మెకానిక్ ఫిల్టర్ తీసి చూసేలా మాట్లాడుకోవాలి.